బాపు, బావ, వసయి కోట

నాకు పదిహేడేళ్లప్పుడు సముద్రం ఒడ్డున ఉన్న పాత కోటనొకదాన్ని చూశాను. బొంబాయికి ఇవతల, వసయి అనే ఊళ్లో ఉంది. ఫిరంగులు, అంటే పోర్చుగీసు వాళ్లు కట్టారట, మరాఠా వాళ్లు కొట్టి తీసుకున్నారట. చాలామంది పనిగట్టుకొని చూడటానికి వెళతారు. నాకు మాత్రం ఆ కోట పేరు వింటేనే ఒళ్లు మండుతుంది. రాళ్ల మీద కోపమేమిటని మా పిల్లలు నవ్వుతారు. వాళ్లకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

మాది చొప్పదండికి నాలుగు కోసుల దూరంలో ఒక ఊరు. మగ్గం మీద బతికే ఇల్లు. మాకు నాన్న బాపు, అమ్మ అవ్వ. బాపు నేసేవాడు, అవ్వ మగ్గానికి నూలు కండెలు చుట్టేది. పిల్లలం ఇద్దరమే, అక్క, నేను. అక్క నాకంటే ఆరేళ్లు పెద్ద. పోలీసు చర్య అయిన ఏడు ఊరంతా గుట్టల్లోకి పరుగెత్తినప్పుడు నన్ను చంకనేసుకొని మోసింది అక్కేనట. అప్పుడు దానికి పదేళ్లు. అవ్వ ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా అక్క కొత్తగా విన్నట్టు సిగ్గుపడేది.

అక్కను పక్క ఊరి నేతగాడికే ఇచ్చారు. పెండ్లయిన ఏడాదికే మిల్లు బట్ట వచ్చి చేతి మగ్గం బట్టను అడిగేవాడు లేకుండా పోయాడు. మా వైపు మగవాళ్లు చాలామంది భివండి దారి పట్టారు. అక్కడ కరెంటుతో నడిచే మగ్గాలుంటాయి, వాటిని మావాళ్లు సాంచెలంటారు. బావ కూడా వెళ్లి ఒక సాంచెల కార్ఖానాలో కుదిరి, అక్కను తీసుకుపోయాడు. ఎండకాలం వచ్చిందంటే ఇద్దరూ చంటిపిల్లతో మా ఇంటికి వచ్చేవాళ్లు.

ఆఖరిసారి వచ్చినప్పుడు చుట్టాలింట్లో ఒక పెండ్లి జరిగింది. పందిట్లో పది మంది మధ్య కూర్చొని ఎవరో అల్లుడేం చేస్తాడని అడిగితే, పరాయివాని సాంచె ముందర కూలికి నిలబడేటోడు నేతగాడెట్లయితడని బాపు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. బావ విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. ఆ పొద్దే అక్కను, పిల్లను తీసుకొని బస్సెక్కాడు. అక్క బస్సు కిటికీలోంచి నన్ను చూసి చెయ్యి ఊపలేదు, ఏడుస్తూ ఉంది. అదే నేను అక్కను ఆఖరిసారి చూడటం.

మరుసటి వానకాలంలో బావ దగ్గర నుంచి ఒక కార్డు వచ్చింది. బాపే చదివాడు. జ్వరం వచ్చి అక్క పోయిందట, పదకొండో రోజు కూడా అయిపోయిందట. అవ్వ కండెల బుట్ట మీదికి ఒరిగిపోయింది. బాపు కార్డును మడిచి జేబులో పెట్టుకొని మగ్గం గుంటలో కూర్చున్నాడు. నాకు దుఃఖం కంటే ముందు బావ మీద పగ పుట్టింది. జ్వరం వచ్చిందని ఒక్క మాట రాయలేదు. చావు కబురు కూడా అంతా అయ్యాక రాశాడు. వాడే చంపాడని నేను అవ్వతో అన్నాను. అవ్వ కాదనలేదు. బాపు కూడా కాదనలేదు.

ఎనిమిది నెలల తర్వాత బాపు, పోయి పిల్లను చూసొద్దామన్నాడు. అవ్వకు మోకాళ్ల నొప్పి, అంత దూరం కూర్చోలేదు. నన్ను రమ్మన్నాడు. అవ్వ మురుకులు చేసి కట్టింది. అక్క పెండ్లినాటి పసుపుపచ్చ చీర పెట్టెలోంచి తీసి నా మూటలో పెట్టింది. అక్కడ కట్టుకోమంది. తల్లి మనసు కదా, అక్క గుర్తుగా ఇచ్చిందనుకున్నాను.

కరీంనగర్ దాకా ఒక బస్సు, నిజామాబాద్ దాకా ఇంకొక బస్సు, అక్కడి నుంచి రైలు. మన్మాడ్‌లో దిగి ఇంకో రైలు. దారి పొడుగునా బాపు హుషారుగా ఉన్నాడు. స్టేషన్ల పేర్లు చదివి చెబుతున్నాడు. కూతురు పోయిన ఊరికి పోతున్న మనిషిలా లేడు. నేను ముఖం కిటికీ వైపే పెట్టుకున్నాను.

భివండిలో బావ ఉండేది కూలివాళ్లు వరస గదుల్లో బతికే చాళిలో ఒక్క గది. గదిలో ఒక స్టవ్వు, ఒక ట్రంకు పెట్టె, దండెం మీద బట్టలు. సాంచెల చప్పుడుకు గోడ మీద అద్దం వణుకుతూ ఉంది. బావ చిక్కిపోయాడు, జుట్టు నిండా దూది పీచు. బాపుతో "వచ్చినవా మామ" అన్నాడు, అంతే. నా వైపు చూసి తల తిప్పుకున్నాడు. నేనూ పలకరించలేదు. పిల్లకు ఐదేళ్లు. నన్ను చూసి దండెం వెనక్కు పోయి నిలబడింది. అవ్వ పంపిన మురుకులు ఇస్తానన్నా రాలేదు. సగం మరాఠీ, సగం మన మాట మాట్లాడుతుంది. పక్క గది ఆమె ఎవరో నన్ను కింది నుంచి మీది దాకా చూసి, పిల్లకు నన్ను చూపించి మావ్శీ అని చెప్పింది. తల్లి చెల్లెల్ని వాళ్లు అట్లా అంటారట. అప్పటి నుంచి అదీ మావ్శీ అనడం మొదలుపెట్టింది.

మరునాడు సాంచెలకు సెలవు. ఇంత దూరం వచ్చి సముద్రం చూడకుండా పోతే ఊళ్లో నవ్వుతారని బాపు పట్టుబట్టాడు. బావకు కదలాలని లేదు. సముద్రం దగ్గర చూడటానికి ఏముంటుంది, నీళ్లే కదా అన్నాడు. బాపు వినలేదు. చివరికి పక్క గదివాళ్లే చెప్పారు, వసయిలో సముద్రమూ ఉంది, కోటా ఉంది, రెండూ ఒకేచోట చూడొచ్చని. బాపు ధోతి మార్చుకున్నాడు. నన్ను ఆ పసుపుపచ్చ చీర కట్టుకోమన్నాడు. కోటకు పోవడానికి పెండ్లి చీరెందుకని అడిగితే, కట్టుకొమ్మంటే కట్టుకో అని గట్టిగా అన్నాడు. కట్టుకున్నాను.

వసయిలో దిగి టాంగా మాట్లాడుకున్నాం. దారంతా ఎండబెట్టిన చేపల వాసన. వెదురు కర్రలు కట్టి వాటి మీద చేపలను బట్టల్లాగా ఆరేశారు. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. బావ అది చూసి, "మీ అక్క గిట్లనే జేసేది మొదట్ల, తర్వాత అలవాటైంది" అన్నాడు. అతని నోట అక్క మాట రావడం అదే మొదటిసారి. నేను కొంగు తీసేశాను.

కోట బయటికి పెద్దగానే ఉంది. నల్లటి గోడలు, గోడల్లోంచి మొలిచిన చెట్లు, ఇనుప మేకులు కొట్టిన తలుపు. ఏనుగులు తల కొట్టకుండా ఆ మేకులట, టాంగావాడు చెప్పాడు. బాపు ఒక్కో మేకును పట్టుకొని చూశాడు. లోపల మాత్రం ఏమీ లేదు. కప్పు లేని గోడలు, ముళ్ల పొదలు, తాటిచెట్లు. ఫిరంగుల దేవుడి గుళ్లట, ఒకదాని తర్వాత ఒకటి కూలిపోయి ఉన్నాయి. నేల మీద పరిచిన రాళ్ల మీద వాళ్ల అక్షరాలు, కింద పుర్రె, ఎముకలు చెక్కి ఉన్నాయి. సమాధులు. వాటి మీద మేకలు పడుకొని ఉన్నాయి. ఎండ మాడ్చేస్తోంది. బాపు ప్రతిదాని దగ్గరా ఆగి, ఎంత మందం గోడనో చూడు బిడ్డా, గీ సున్నం ఇంకా రాలలే చూడు అంటున్నాడు. బావ వంద అడుగుల ముందు నడుస్తున్నాడు, వెనక్కి తిరగడం లేదు. నేను పిల్ల చెయ్యి పట్టుకొని మధ్యలో నడిచాను.

సముద్రం వైపు తలుపు దాటితే సముద్రం కనిపిస్తుందన్నారు. దాటి చూస్తే బురద. నీళ్లు వెనక్కి పోయిన వేళట. ఎక్కడో దూరంగా ఒక గీత మెరుస్తోంది. ఇవతల అంతా ఎండిన చెరువులోలాగా నల్ల బురద, దాంట్లో పక్కకు ఒరిగిన పడవలు. ఇది చూడటానికా రెండు రోజులు రైళ్లు మారి వచ్చిందనిపించింది. బాపు మాత్రం బురదలో చీలమండల దాకా దిగి, గుంటలో నిలిచిన నీళ్లు దోసిట్లో తీసుకొని నాలుకకు తగిలించుకున్నాడు. "ఉప్పే" అన్నాడు, అంతవరకు ఎవరో అబద్ధం చెప్పారని అనుకున్నట్టు.

కప్పు లేని ఒక గుడిలో గోడ నీడన కూర్చొని మురుకులు విప్పాం. పిల్ల మెల్లగా వచ్చి నా పక్కన కూర్చొని తిన్నది. బావ దూరంగా ఒక రాయి మీద కూర్చున్నాడు. బాపు నోరు తుడుచుకొని, పొద్దటి నుంచీ దాచుకున్న మాట బయటపెట్టాడు.

"అల్లుడా, వచ్చే నెలల మంచి దినాలున్నయి. నువ్వొక వారం సెలవు దీస్కొని ఊరికి రా. మా కాడ్నే లగ్గం చిన్నగ జేసేద్దాం."

బావ నేల వైపే చూస్తూ సరే అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత ఒంటి మీద ఉన్న చీర వైపు చూసుకున్నాను. అవ్వ ఎందుకు తీసి ఇచ్చిందో, బాపు ఎందుకు కట్టుకొమ్మన్నాడో, పక్క గది ఆమె నన్ను కింది నుంచి మీది దాకా ఎందుకు చూసిందో అన్నీ తెలిశాయి. అక్క చనిపోతే చెల్లెలిని ఇవ్వడం మా వైపు కొత్త కాదు. కానీ నాకు ఒక్కరూ చెప్పలేదు. కోట చూడటానికన్నారు.

నేను లేచి నిలబడ్డాను. బాపును కాదు, బావనే అడిగాను. మా అక్క ఎట్లా పోయిందో చెప్పు ముందు అన్నాను. జ్వరం వచ్చింది, పోయింది అన్నాడు. ఎన్ని రోజులు జ్వరమని అడిగాను. పద్దెనిమిది రోజులన్నాడు. పద్దెనిమిది రోజుల్లో ఒక్క ఉత్తరం రాయడానికి నీకు చెయ్యి రాలేదా, చచ్చినంక కార్డు రాయడానికి మాత్రం వచ్చిందా అన్నాను. బాపు నన్ను కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

బావ అప్పుడు లేచాడు. నా వైపు కాదు, బాపు వైపు చూశాడు.

"చెప్పలేదా మామ, ఇంట్ల?"

బాపు మురుకుల మూట కట్టడం మొదలుపెట్టాడు.

"రెండు ఉత్తరాలు రాసిన. నాలుగో దినం ఒకటి, పదో దినం ఒకటి. అత్తనన్న తోలు, లేకుంటే చిన్నదాన్నన్న తోలు అని రాసిన. నేను పన్నెండు గంటలు సాంచె కాడ నిలవడాలె. నేను పోతే దానికి నీళ్లిచ్చే దిక్కు లేదు. గీ పోరి లోటతోని నీళ్లు వోసింది తల్లి నోట్లె. నాలుగేండ్ల పోరి."

పిల్ల తన మాట వస్తోందని తెలిసి మురుకు తినడం ఆపింది.

నేను బాపు వైపు తిరిగాను. అబద్ధమంటాడని చూశాను. అబద్ధమని ఒక్క మాట అంటే నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను. బాపు ధోతి అంచుకు అంటిన బురదను గోటితో గీకుతున్నాడు.

"అందినయి" అన్నాడు. "గింత జ్వరమే అనుకున్న. పందిట్లకెల్లి లేచిపోయినోడు రమ్మనంగనే ఉరుకుతే, మామ లొంగిండు అనుకుంటడని..."

నాకు చెవుల్లో సాంచెల చప్పుడు లాంటిది మొదలైంది. ఎనిమిది నెలలుగా బావను తిట్టాను. అవ్వ ఆ మనిషి పేరు చెప్పి మన్నెత్తి పోసింది. బాపు పక్కనే కూర్చొని అన్నీ విన్నాడు, ఉత్తరాలు ఎక్కడ దాచాడో, పొయ్యిలో వేశాడో, నోరు మెదపలేదు.

"నన్ను తోలితే నేను వచ్చేదాన్ని గద బాపు" అన్నాను.

"అయిందేదో అయింది. ఇప్పుడు దిద్దుకుందామనే గద నిన్ను తెచ్చిన."

"అక్క పాణానికి బదులు నన్ను కడుతున్నవా?"

బాపు లేచి నా చెంప మీద కొట్టాడు. అంతకు ముందు ఎన్నడూ కొట్టలేదు. పిల్ల ఏడ్పు మొదలుపెట్టింది. బావ అడ్డం రాలేదు. చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు కూడా నేను మరిచిపోలేదు. అతను రాసిన ఉత్తరాల మాట నిజమే కావచ్చు, కానీ అతని మీద నా కోపం అణువంత కూడా తగ్గలేదు. నువ్వు అక్కను రైలెక్కించి తీసుకురాలేకపోయావా, ఊరికి వస్తే అవ్వ చూసుకునేది కదా అని అడిగాను. సాంచె వదిలితే ఆ పూటే అక్కడ ఇంకొకడు నిలబడతాడన్నాడు. అయితే మా అక్క కంటే నీకు సాంచె ఎక్కువ, మా బాపుకు మర్యాద ఎక్కువ, మీకు మీరే సరిపోయారు, నేను మాత్రం చేసుకోనన్నాను.

"నాకు గూడ నువ్వు వద్దు" అన్నాడు బావ. మెల్లగానే అన్నాడు. "బిడ్డకు బువ్వ వెట్టే మనిషి గావాలె. మామ ఇస్తనన్నడు. నేను సరే అన్న. గంతే."

"బిడ్డను నాతోని పంపు. నేను సాదుకుంట. నీ పెండ్లి నువ్వు ఎవల్నన్న జేస్కో."

బావ పిల్ల రెక్క పట్టుకొని దగ్గరికి లాక్కున్నాడు. ఆ ఒక్కసారే అతని ముఖంలో ఏదో కదిలింది. "నాకు మిగిలింది గిదే" అన్నాడు. "మీ ఇంటికి మాత్రం పంప."

నేను అక్కడి నుంచి నడిచాను. ఎటు పోతున్నానో చూడలేదు. మెట్లుంటే ఎక్కాను, గోడ మీదికి వచ్చాను. మోకాళ్ల దాకా గడ్డి మొలిచింది. ఒక చోట కూర్చొని కోటకు వీపు పెట్టి బురద వైపు చూశాను. పొద్దు వాలుతోంది. నీళ్లు తిరిగి వస్తున్నాయి. పరుగెత్తినట్టు లేదు, చప్పుడు లేదు, కాసేపటికి ఒరిగిన పడవలు నిలబడ్డాయి. చెంప మంటగా ఉంది. అక్క పద్దెనిమిది రోజులు తలుపు వైపు చూసి ఉంటుంది. బావ ఉత్తరం వేసి వచ్చానని చెప్పే ఉంటాడు. ఇవాళ వస్తారు, రేపు వస్తారు అనుకొని ఉంటుంది. నేను వస్తాననుకొని ఉంటుంది. ఆ నీళ్లను చూస్తూ నేను ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఆ కోటలో నేను చూసింది అదే.

కింది నుంచి బాపు రెండు మూడుసార్లు పిలిచాడు. టాంగావాడు పొద్దు పోతోందని అరుస్తున్నాడు. కొంతసేపటికి మెట్ల మీద చిన్న అడుగుల చప్పుడైంది. పిల్ల ఒక్కతే పైకి వచ్చింది. ఎవరు పంపారో, తనే వచ్చిందో. నా పక్కన నిలబడి నా చీర అంచు పట్టుకొని, "మావ్శీ, చల్" అన్నది.

ఆ పిల్ల కోసం దిగాను. లేకపోతే ఆ రోజు దిగేదాన్ని కాదు.

మరునాడే తిరుగు ప్రయాణమయ్యాం. నేను బయల్దేరే ముందు ఆ పసుపుపచ్చ చీర మడిచి బావ ట్రంకు పెట్టె మీద పెట్టాను. ఎందుకని అడిగాడు. పిల్లది అన్నాను. రైల్లో రెండు రోజులు బాపు, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. మన్మాడ్‌లో చాయ తెచ్చి ఇచ్చాడు. నేను తాగలేదు. కరీంనగర్ నుంచి వచ్చిన బస్సు దిగినప్పుడు, ఇంటికి నడిచే ముందు, "మీ అవ్వకు చెప్పకు" అన్నాడు. అడుక్కున్నట్టే అన్నాడు. నేను మొదటి మాటగా అదే చెప్పాను, ఇంటి గడప దాటకముందే, చెప్పులు విడవకముందే.

అవ్వ కండెలు చుడుతూ ఉంది. చక్రం ఆపలేదు. నేను చెప్పేది అంతా విన్నది. దారం తెగితే ముడి వేసింది. "చిన్నదాన్నన్న తోలు అని రాసిండా" అని ఒక్కటి అడిగింది. రాశాడన్నాను. ఆ పూట నుంచి అవ్వ బాపుకు ఎదురుగా నిలబడి అన్నం పెట్టలేదు. వండేది, పళ్లెం గోడ పక్కన పెట్టేది, పెరట్లోకి పోయేది. బాపు చల్లారిన అన్నం తినడం నేర్చుకున్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరూ అట్లా పద్నాలుగేళ్లు బతికారు. ఊళ్లో ఎవరికీ కారణం చెప్పలేదు. అవ్వ కొట్లాడి ఉంటే, తిట్టి ఉంటే బాపు బాగుపడేవాడేమో అని తర్వాత అనుకున్నాను. అప్పుడు మాత్రం నాకు చాలలేదు, ఇంకా ఏమన్నా చేస్తే బాగుండనిపించింది.

బావ ఆ ఏడాది చివర సాంచెల వాడలోనే భర్త పోయిన ఒకామెను చేసుకున్నాడని తెలిసింది. మన వైపు మనిషే. పిల్లను బాగానే చూసుకుందని విన్నాను. దాన్ని మళ్లీ నేను చూసింది ఒక్కసారే, దాని పెండ్లిలో. నన్ను గుర్తుపట్టలేదు. ఎవరో చెబితే కాళ్లకు మొక్కింది.

నా పెండ్లి రెండేళ్లకు జగిత్యాల వైపు అయింది. పుట్టింటికి పోయినప్పుడల్లా బాపు అరుగు మీద కూర్చొని ఎవరికో ఒకరికి కోట గురించి చెబుతూ కనిపించేవాడు. మా ఊళ్లో సముద్రం చూసినవాళ్లు అప్పటికి లేరు. మేకులు కొట్టిన తలుపుల గురించి, నిలువెత్తు మందం గోడల గురించి, రాతి మీద పుర్రెల గురించి చెప్పేవాడు. సముద్రం నీళ్లు నోట్లో పోసుకున్నానని చెబితే పిల్లలు నోళ్లు తెరుచుకొని వినేవాళ్లు. చెప్పేకొద్దీ కోట పెద్దదయింది. బురద మాట ఎన్నడూ రాలేదు. అలలు తాటిచెట్టంత లేచాయని కూడా ఒకసారి చెప్పాడు.

ఒకనాడు నేను నీళ్ల బిందెతో అరుగు ముందు నుంచి పోతుంటే ఒక ముసలాయన నమ్మలేదు కాబోలు, బాపు నన్ను పిలిచాడు.

"చెప్పు బిడ్డా. నువ్వు గూడ చూసినవు గద?"

అందరూ నా వైపు చూశారు. బాపు ముఖంలో ఆశ ఉంది. నేను బిందె దించలేదు.

"నేను చూడలే" అన్నాను.

లోపలికి పోయి నీళ్లు పోస్తుంటే, అప్పుడు నేను చిన్నదాన్నని, మరిచిపోయానని బాపు వాళ్లకు సర్ది చెప్పడం వినిపించింది. కొంచెం ఆగి, మళ్లీ గోడల దగ్గర నుంచి మొదలుపెట్టాడు.